ఫోర్జా హొరైజన్ 5: మిగిలిపోయిన బోర్డులకి మ్యాప్ సైటు ఎలా వాడుతున్నారు?

మధు_మారతహళ్ళి · శుక్రవారం రాత్రి 10:40

నమస్తే అందరికీ. హొరైజన్ 5 మెక్సికోలో కార్లు నడిపే గేము. అందులో కారుతో గుద్ది పగలగొట్టే బోర్డులుంటాయి: అనుభవ పాయింట్లిచ్చే 200 ఎక్స్‌పీ బోర్డులు, మ్యాపులో చిటికెలో ఇంకో చోటికి ఎగిరే ఖర్చు తగ్గించే 50 ఫాస్ట్ ట్రావెల్ బోర్డులు. ఫాస్ట్ ట్రావెల్‌వి అన్నీ పగలగొట్టేశాను కాబట్టి మెక్సికోలో ఎక్కడికి ఎగిరినా ఇప్పుడు క్రెడిట్లు (గేములో డబ్బు) పోవు. ఎక్స్‌పీ బోర్డుల దగ్గరే ఆగిపోయాను. కొన్ని మిగిలాయి, అవి ఎక్కడున్నాయో తెలియట్లేదు.

బోర్డులు ఎక్కడున్నాయో గుర్తులతో చూపించే ఇంటరాక్టివ్ మ్యాప్ సైటు ఒకటి ఫోనులో తెరిచి పక్కన పెట్టుకున్నాను. రెండు ఇబ్బందులు. సైటులో అన్ని గుర్తులూ ఒకేలా ఉంటాయి, వాటిలో నేను పగలగొట్టినవి ఏవో ఎలా తేల్చాలి? రెండోది, కొన్నిచోట్ల గుర్తు ఉన్న చోటికే వెళ్ళి నిలబడినా బోర్డు కంటికి ఆనదు. మా రూములో ముగ్గురం, ఒకటే టీవీ, శని ఆదివారాలే ఆట. ఉన్న ఆ కాస్త సమయం ఊరికే తిరగడానికి పోకూడదని అడుగుతున్నాను. మీరెలా చేశారో కాస్త వివరంగా చెప్పండి.

వేణు_వైట్‌ఫీల్డ్ · శుక్రవారం రాత్రి 11:15

మధు గారూ, మొదటి ప్రశ్న నా పనికి దగ్గరిది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఆ సైటుకి మీ సేవ్ ఫైలు (ఆటలో మీరెంత చేశారో ఉండేది) కనిపించదు. ఎవరో ఓపిగ్గా గేము మ్యాపు బొమ్మ తీసుకుని, దాని మీద ఒక్కో బోర్డుకీ ఒక్కో గుర్తు పెట్టారు. ఇలాంటి పేజీలు కట్టడానికి ఎక్కువమంది వాడేది లీఫ్‌లెట్ లాంటి లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు. 2011లో వొలొదిమిర్ అగాఫోంకిన్ విడుదల చేశాడు, ఇప్పటికీ ఉచితమే. నిజం భూమికైతే అక్షాంశాలు, రేఖాంశాలు ఉంటాయి. గేము లోకానికి అవి ఉండవు కాబట్టి అందులోనే ‘సీఆర్ఎస్ సింపుల్’ అనే అమరిక వాడి, బొమ్మ మీద అడ్డం నిలువు కొలతలతో గుర్తులు నిలబెడతారు. పెద్ద బొమ్మని మామూలుగా 256 పిక్సెళ్ళ చదరపు ముక్కలుగా కోస్తారు. జూమ్ ఒక మెట్టు పెరిగితే ముక్కలు నాలుగింతలు. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు జూమ్ చేయగానే బొమ్మ మసగ్గా కనబడేది అందుకే. అది తేటపడక ముందే గుర్తు చూసి బయల్దేరితే పక్క వీధిలో తేలతారు.

దొరికిన బోర్డులకి సైటులో మీరు పెట్టే టిక్కులు, లాగిన్ అయితే వాళ్ళ సర్వర్లో ఉంటాయి. లాగిన్ లేకపోతే చాలా సైట్లలో మీ బ్రౌజర్లోనే ఉంటాయి. అంటే ఫోనులో పెట్టిన టిక్కు లాప్‌టాప్‌లో ఉండదు, బ్రౌజర్ డేటా తుడిచేస్తే మొత్తం పోతుంది. కొన్ని సైట్లు ఉచితంగా కొన్ని టిక్కులే ఇచ్చి మిగతావాటికి డబ్బు అడుగుతాయి. మొదలుపెట్టేముందే అది చూసుకోండి.

ఏవి పగిలాయో గేములోని మ్యాపే చెప్పాలి. పాజ్ చేసి, మ్యాపు తెరిచి, ఫిల్టర్లో ఎక్స్‌పీ బోర్డులు మాత్రమే ఉంచండి. పగిలినవాటికీ పగలనివాటికీ ఐకాన్‌లో తేడా తెలుస్తుంది. మీరు ఇంతవరకు దగ్గరికే వెళ్ళని బోర్డు అసలు మ్యాపులో ఉండదు. ఇప్పుడు మొత్తం మెక్సికో ఒకేసారి కాకుండా ఒక మూల పట్టుకోండి, ములేహే ఊరి చుట్టుపక్కల అనుకుందాం. గేములో పగిలినవన్నీ సైటులో టిక్కు పెట్టి, ‘దొరికినవి దాచు’ నొక్కండి. ఆ మూలలో ఇంకా మిగిలి ఉన్నవే మీ పని.

శీను_హిందూపురం · శుక్రవారం రాత్రి 11:52

వేణన్న చెప్పింది బాగుంది. కానీ మధన్నా, దానికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. రోడ్లు పూర్తి చేసినావా?

గేములో 578 రోడ్లు. తొక్కని రోడ్డు మ్యాపులో బూడిద రంగులో ఉంటాది, తొక్కినాక తెల్లబడతాది. అన్ని రోడ్లూ తెల్లబడేలోపల రోడ్డు పక్కనుండే బోర్డులన్నీ వాటంతట అవే మ్యాపు మీదికొస్తాయి. నేను సైటు తెరవకముందే ఆ పని చేసినా. ఆ తర్వాత మిగిలేటివి రోడ్డుకు దూరంగా ఉండేటివే: శిథిలాల్లో, అడవిలో, వాగుల్లో, కప్పుల మీద. సైటు అవసరమయ్యేది వాటికే. ముందునుంచే సైటు పెట్టుకుంటే చేసే పనే రెండుసార్లు చేసినట్టు.

బండి ఫోర్డ్ బ్రాంకో చాలు. గేము మొదట్లో ఇచ్చే మూడు కార్లలో అదొకటి. గుట్ట ఎక్కుతాది, ఏట్లో దిగుతాది. వేగమున్న కారు తీసుకొని చెట్ల మధ్యలో తిప్పుకుంటా కూర్చుంటే బోర్డు పక్కనే ఉన్నా దాటేసి పోతావు.

శైలజ_బసవనగుడి · శనివారం ఉదయం 7:30

మీ రెండో ప్రశ్నకి నేను చెప్పగలను మధు గారూ. భవనాల డ్రాయింగులు గీయడం నా ఉద్యోగం. మ్యాప్ సైటు అంటే ప్లాను మాత్రమే, అందులో సెక్షన్ లేదు. పైనుంచి చూస్తే ఎక్కడుందో తెలుస్తుంది, ఏ ఎత్తులో ఉందో తెలియదు.

ఇక్కడ బెంగళూరులో రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డ్ దాకా మనకి కింద రోడ్డు, దాని మీద ఫ్లైఓవర్, దాని మీద మెట్రో. ఫోను మ్యాపులో మీ నీలిచుక్క మూడింట్లోనూ ఒకే చోట ఉంటుంది. బోర్డు గుర్తు సంగతీ అంతే.

గేములో ఇది ఎక్కువగా తగిలేది గ్వానాహువాతోలో. మెక్సికోలో ఆ పేరుతో ఉన్న అసలు ఊరే అలాంటిది. వెండి గనుల పట్టణం, కొండ లోయలో ఇళ్ళు ఒకదాని మీద ఒకటి మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒకప్పుడు వరదనీరు పోయిన కాలువలూ సొరంగాలే ఇప్పుడు ఊరి కింద రోడ్లు. 1988లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గేము తయారుచేసినవాళ్ళు ఆ సొరంగాలనీ ఆ వాలునీ వదిలిపెట్టలేదు. ఇంత ప్రేమగా కట్టిన ఊరు రేసింగ్ గేముల్లో నేను ఇంకోటి చూడలేదు. బోర్డుల కోసమైనా సరే, దాన్ని మెల్లగా ఒకసారి చూడండి.

గుర్తు దగ్గర బోర్డు కనబడకపోతే నేను చేసేది ఇది. కారు ఆపి, గాల్లోంచి చూసే డ్రోన్ మోడ్‌కి వెళ్తాను. నిలువుగా పైకి లేచి, కప్పులు చూసి, తర్వాత కిందికి దించి సొరంగం నోరు ఎటుందో చూస్తాను. బోర్డు ఎత్తు మీద ఉంటే దానికి ఎదురుగా ఎక్కడో ఒక వాలు తప్పకుండా ఉంటుంది, గట్టు కావచ్చు, మెట్లు కావచ్చు, కొండ అంచు కావచ్చు. బోర్డు ముఖం ఎటు తిరిగి ఉందో చూసి, అటు నుంచి వెనక్కి గీత గీసుకుంటూ పోతే పరుగు ఎక్కడ మొదలవ్వాలో దొరుకుతుంది. దూకడం తప్పితే ఆటని వెనక్కి తిప్పే రివైండ్ ఉంది, మళ్ళీ చుట్టూ తిరిగి రానక్కర్లేదు.

జహీర్_కేఆర్‌పురం · శనివారం ఉదయం 8:10

శైలజక్కా, ఈ డ్రోన్ ముచ్చట మస్తుగుంది. బార్న్ ఫైండ్లకు (కొట్టాలల్ల దాచిన పాత కార్లకు) గూడ అదే పని జేస్తది. గేము వచ్చినప్పుడు 14 పాత కార్లు పెట్టిండ్రు. పుకారు రాంగనే మ్యాపు మీద ఊదా రంగు గుండ్రం పడ్తది, ఆ గుండ్రం లోపల ఎక్కడో కొట్టం ఉంటది. కారుతోని చెట్లళ్ళ తిరిగేకన్న డ్రోన్ లేపి చూస్తే రేకుల కప్పు జల్దీ దొరుకుతది.

ప్రసాద్_వేళచ్చేరి · శనివారం ఉదయం 9:45

చెన్నై నుంచి రాస్తున్నాను. నా అభిప్రాయం మీ అందరికీ ఎదురుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

2008లో బర్నౌట్ ప్యారడైజ్ అనే కార్ల గేము వచ్చింది. 400 పసుపు గేట్లు, 120 బిల్‌బోర్డులు, 50 సూపర్ జంపులు. ఊరు మ్యాపులో ఒక్కదానికీ గుర్తు లేదు. ఊరుని అయిదు పేటలుగా విడగొట్టి, ఏ పేటలో ఎన్ని పగలగొట్టారో లెక్క మాత్రం గేము చూపించేది. సిల్వర్ లేక్‌లో ఇంకా రెండు మిగిలాయి అంటే ఆ పేట అంతా సందుసందు కళ్ళతో దువ్వాలి. అలా దువ్వడం వల్లే ఆ ఊరు నాకు ఇవాళ్టికీ గుర్తుంది. ఏ పార్కింగ్ మేడ మీదనుంచి దూకితే ఏ కప్పు మీద పడతామో ఇప్పుడు అడిగినా చెప్తాను.

బోర్డుకి ఇచ్చే ఎక్స్‌పీ అసలు బహుమతి కాదని నా నమ్మకం. ఆ సందులోకి మనల్ని రప్పించడం కోసం అక్కడ బోర్డు పెట్టారు. ఫోనులో చుక్క చూసి, దారి గీత పెట్టుకుని, పగలగొట్టి, టిక్కు పెట్టి, తర్వాతి చుక్కకి పోతే మీరు మెక్సికో చూడలేదు, ఫోను చూశారు. గేము కట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన పనికి అది న్యాయం కాదు.

కోటేశ్వరి_జేపీనగర్ · శనివారం ఉదయం 11:20

ప్రసాద్ గారూ, మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను. అయినా ఇంకో వైపు కూడా వినండి.

మా అబ్బాయి ఆరో తరగతి. శనివారం మధ్యాహ్నం గేముకి ఒప్పుకున్న సమయం కొద్దిగానే. వాడు నడుపుతాడు, నేను పక్కన కూర్చుని ఫోనులో మ్యాపు చూసి దారి చెప్తాను. గేము మూలన ఉండే చిన్న మ్యాపు కారుతో పాటే తిరుగుతుంది, సైటు మ్యాపులో మాత్రం ఎప్పుడూ ఉత్తరం పైకే ఉంటుంది. అందుకని మొదట్లో నేను ఎడమ అంటే వాడు అసలు తిరగకూడని వైపు తిరిగేవాడు. ఇప్పుడు మేమిద్దరం కుడి ఎడమలు మానేశాం. తూర్పు, పడమర అనే చెప్పుకుంటాం. ఒక్కోసారి ముందే పాజ్ చేసి, సైటులో కనిపించే కూడలి గేము మ్యాపులో ఎక్కడుందో వాడే వెతికి అక్కడ వేపాయింట్ (చేరాల్సిన చోటి గుర్తు) పెడతాడు. ఒక మ్యాపు చూసి ఇంకో మ్యాపులో అదే చోటు పట్టుకోవడం చిన్న విద్య కాదండీ. వాడు అది నేర్చుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

మేము ఇద్దరం కలిసి ఆడే ఆట ఇదొక్కటే. ఆ ఫోను లేకపోతే నేను పక్కన కూర్చుని చూస్తూ ఉండాలి, అంతే.

నాగేంద్ర_కోరమంగళ · శనివారం మధ్యాహ్నం 12:05

కోటేశ్వరి గారి మాటకి నాదీ ఒకటి కలుపుతాను. నాకు చూపు తక్కువ. అడవి ప్రాంతంలో ఆ పచ్చదనం మధ్య బోర్డు పది అడుగుల దూరంలో ఉన్నా నేను పోల్చుకోలేను. మ్యాప్ సైటులో ఒక్కో గుర్తు నొక్కితే కొందరు ఫోటో కూడా పెట్టి ఉంటారు. ఏ చెట్టు పక్కన, ఏ గోడ వెనక అని ముందే పెద్దదిగా చూసుకుని వెళ్తాను. నాలాంటివాళ్ళకి అది లేకపోతే ఈ బోర్డులు లేనట్టే.

ప్రసాద్_వేళచ్చేరి · శనివారం మధ్యాహ్నం 12:40

నాగేంద్ర గారూ, కోటేశ్వరి గారూ, మీ ఇద్దరి మాటా ఒప్పుకుంటాను. మీకు సైటు ఉండాల్సిందే. నేను మాట్లాడింది కళ్ళూ సమయమూ రెండూ ఉన్నవాళ్ళ గురించి. వాళ్ళ విషయంలో నా మాట మార్చుకోను.

వేణు_వైట్‌ఫీల్డ్ · శనివారం మధ్యాహ్నం 1:30

ప్రసాద్ గారూ, మీరు చెప్పిన పేటల లెక్క చదువుతుంటే ఒకటి తట్టింది. మీరు కోరేది ఈ సైట్లలో కొన్నింట్లో ఇప్పటికే ఉంది, కాకపోతే ఎవరూ అలా వాడరు.

గుర్తులు మరీ ఎక్కువైతే పేజీ ఇరుకవుతుంది కాబట్టి లీఫ్‌లెట్‌కి ‘మార్కర్ క్లస్టర్’ అనే తోడు ప్లగిన్ పెడతారు. దూరం నుంచి చూస్తే దగ్గరదగ్గర ఉన్న గుర్తులన్నీ ఒక ముద్దగా అయి, దాని మీద అంకె మాత్రం కనిపిస్తుంది. దగ్గరికి జూమ్ చేస్తేనే విడిపోతాయి. మధు గారు పగిలినవన్నీ టిక్కు పెట్టి దాచేశాక జూమ్ చేయకుండా దూరంగానే ఉంచితే, ప్లేయా అజుల్ వైపు 3, అగ్నిపర్వతం కింద 2 అని అంకెలే మిగులుతాయి. ఎక్కడ ఎన్ని ఉన్నాయో తెలుసు, ఏ సందులో ఉందో తెలియదు. మీ బర్నౌట్ లెక్క అదే కదా? ఆ మూలకి వెళ్ళి మీరే వెతకండి. విసిగిపోతేనే జూమ్ చేయండి.

మీరు వాడే సైటులో క్లస్టర్ లేకపోతే ఇంట్లో ఇంకొకరిని మ్యాపు చూసి ప్రాంతం పేరు మాత్రమే చెప్పమనండి.

ప్రసాద్_వేళచ్చేరి · శనివారం మధ్యాహ్నం 1:48

ఇది నాకు నచ్చింది. మనస్ఫూర్తిగా చెప్తున్నాను. అంకె చూపించి చోటు చూపించకపోతే వెతుకులాట బతికే ఉంటుంది. ఇక మీదట కొత్తగా గేము మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

రమ్య_ఎలక్ట్రానిక్‌సిటీ · శనివారం సాయంత్రం 5:15

నేను పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లో కొత్తగా మొదలుపెట్టాను. ఈ గేము పీఎస్5కి వచ్చిందే 2025 ఏప్రిల్‌లో కదా, మీ అందరికంటే చాలా వెనక ఉన్నాను. స్టోరులో ట్రెజర్ మ్యాప్ అని విడిగా అమ్ముతున్నారు. అది కొంటే సైటుతో పని ఉండదా? గేము మొదట వచ్చిన 2021 నాటి సైట్లలోని గుర్తులు పీఎస్5లో సరిపోతాయా?

వేణు_వైట్‌ఫీల్డ్ · శనివారం సాయంత్రం 5:40

లోకం ఒకటే కాబట్టి గుర్తులు సరిపోతాయి. ట్రెజర్ మ్యాప్ కొంటే బోర్డులూ బార్న్ ఫైండ్లూ గేము మ్యాపులోనే చూపిస్తుంది, టిక్కుల బాధ ఉండదు. కాకపోతే ప్రసాద్ గారు భయపడేది సరిగ్గా దాని గురించే. ఇప్పుడే మొదలుపెట్టారు కదా, కొన్నాళ్ళు ఆగి చూడండి. శీను చెప్పినట్టు ముందు రోడ్లు తొక్కండి.

శీను_హిందూపురం · శనివారం సాయంత్రం 6:20

రమ్యా, ఇంకో మాట. నువ్వు ముందు పట్టాల్సింది ఫాస్ట్ ట్రావెల్ బోర్డులు. మొదట్లో ఒకసారి ఎగిరితే 10,000 క్రెడిట్లు పోతాయి. బోర్డు పగిలేకొద్దీ ఆ ఖర్చు తగ్గుతా వస్తాది, 50 అయిపోతే ఉచితం. కానీ బోర్డులు పగిలినా ఎక్కడికంటే అక్కడికి ఎగరాలంటే బ్వెనాస్ విస్టాస్ ఇల్లు కొనాల్సిందే. దాని ధర 20 లక్షల క్రెడిట్లు. మొదట చేతికొచ్చే డబ్బు కొత్త కార్లకు పెట్టొద్దు, ఆ ఇంటికి దాచిపెట్టు. ఎక్స్‌పీ బోర్డులు వెతికేటప్పుడు మ్యాపు ఈ మూలనుంచి ఆ మూలకు పోవడం తేలికైతాది.

జహీర్_కేఆర్‌పురం · శనివారం రాత్రి 8:05

కొత్తోళ్ళకు ఇంకోటి జెప్పాలె. వారం వారం మారే పనుల పట్టిక, ఫెస్టివల్ ప్లేలిస్టుల ‘ఇన్ని పిన్యాటాలు (మిఠాయి నింపిన బొమ్మలు) పగలగొట్టు’ అని వస్తది సూడు, అవి ఈ సైట్లళ్ళ వెతకకుండ్రి. అవి ఆ వారానికే ఉంటయ్. మన టైము ప్రకారం గురువారం రాత్రి 8కి సీజన్ మారుతది, అప్పుడు పాతవి పోయి కొత్తవి వస్తయ్. ప్లేలిస్టుల ట్రెజర్ హంట్ గూడ గంతే. సూచన సదివి, అదేం అడుగుతుందో ఆ పని జేస్తే గేమే మ్యాపు మీద గుండ్రం గీస్తది. సైటు అక్కరనే లేదు.

దీనికి ముందు గేము హొరైజన్ 4ల సీజన్ సంగతి ఇంకా గమ్మత్తుగుండె. చలికాలంల డెర్వెంట్‌వాటర్ చెరువు గడ్డకడ్తది, అప్పుడే దాని మీదికెళ్ళి నడుమ దీవికి కారు తోలొచ్చు. మ్యాపు చూసి ఎండాకాలంల పోతే నీళ్ళే. ఆ గేము 2024 డిసెంబర్ 15 నుంచి అమ్ముతలేరు. పాత కాపీ ఉన్నోళ్ళు భద్రంగా పెట్టుకోండ్రి.

మధు_మారతహళ్ళి · ఆదివారం మధ్యాహ్నం 3:30

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని మొత్తం టిక్కులు సరిచేశాను. శీను అడిగినట్టు చూస్తే రోడ్లు కూడా కొన్ని బూడిద రంగులోనే ఉన్నాయి. అవి పూర్తి చేస్తుంటేనే సగం బోర్డులు బయటపడ్డాయి. మిగతావాటికి వేణు గారి పద్ధతిలో అంకెలు మాత్రమే చూసి వెళ్ళాం. ముగ్గురం తలా ఒక ప్రాంతం పంచుకున్నాం. ఒకడు నడుపుతుంటే మిగతా ఇద్దరూ తెర మీద వెతుకుతున్నారు. టీవీ ఒకటే అన్న బాధ కూడా పోయింది.

ఇక గ్వానాహువాతోలో ఒకటి మాత్రం తేలలేదు. జూమ్ చేసి చూస్తే గుర్తు సరిగ్గా ఇళ్ళ మధ్యలో ఉంది. డ్రోన్ లేపి కప్పులన్నీ చూశాం, ఏమీ లేదు.

శైలజ_బసవనగుడి · ఆదివారం మధ్యాహ్నం 3:50

కప్పుల మీద లేదంటే కింద ఉందేమో చూడండి. ఆ చోటు కిందుగా సొరంగం పోతోందా? సైటులో ఇళ్ళ మీదుగా రోడ్డు గీత తెగి, అవతల మళ్ళీ మొదలైతే మధ్యలో సొరంగం ఉన్నట్టు. కారు లోపలికి తీసుకెళ్ళి, నెమ్మదిగా రెండు వైపులా చూస్తూ రండి. ఒక దిక్కు నుంచి కనబడకపోతే అవతలి నోటి నుంచి కూడా ఒకసారి రండి. వంపు ఉంటే గోడ చాటున ఉండిపోతుంది.

మధు_మారతహళ్ళి · ఆదివారం సాయంత్రం 4:25

దొరికింది! అవతలి వైపు నుంచి వస్తే వంపు తిరగగానే ఎదురుగా ఉంది. ఆటలో సాధించినవి చూపించే అకొలేడ్స్‌లో 200 నిండింది.

రమ్య_ఎలక్ట్రానిక్‌సిటీ · ఆదివారం సాయంత్రం 4:40

శుభాకాంక్షలు మధు గారూ! హాట్ వీల్స్‌లోనూ ర్యాలీ అడ్వెంచర్‌లోనూ (తర్వాత వచ్చిన ఆ అదనపు భాగాల్లో) ఉన్నవి ఈ 200లో కలుస్తాయా?

శీను_హిందూపురం · ఆదివారం సాయంత్రం 4:55

కలవవు. 2022లో వచ్చిన హాట్ వీల్స్‌కి, 2023లో వచ్చిన ర్యాలీ అడ్వెంచర్‌కి దేని మ్యాపు దానిదే, దేని లెక్క దానిదే. సైటులో పైన మ్యాపు పేరు మార్చుకోవాల. ర్యాలీలో సియెర్రా నుయేవా ఎడారి దుమ్ములో తిరగాలంటే బ్రాంకోనే తీసుకుపో. మధన్నా, వచ్చే శనివారం అది మొదలుపెడదాం, నువ్వు మా కాన్వాయ్‌లోకి (కలిసి నడిపే గుంపులోకి) రా, నీ రూమువాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకో. బోర్డు ఎవరు పగలగొడితే వాళ్ళకే లెక్క, కాబట్టి ముందుపోయినోడు వెనకొచ్చేవాళ్ళకోసం అక్కడే ఆగాల.